కళ్లకు కట్టేలా రాయడం ఎలా: మాట, మనసులో బొమ్మ, ఊహ

ఏరు.

ఈ ఒక్క మాట చదివి కాసేపు ఆగండి. ఏం కనిపించింది?

శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీదుగా రోజూ బడికి వెళ్లినవాళ్లకి ఎండాకాలపు ఇసుక, ఆ ఇసుక మధ్య సన్నటి నీటి పాయ కనిపిస్తాయి. కళింగపట్నంలో పెరిగినవాళ్లకి వంశధార సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. ఏటి ఒడ్డున ఎప్పుడూ నిలబడని పిల్లకి ఏదో సినిమా పాటలో చూసిన నది గుర్తొస్తుంది. నేను రాసింది రెండక్షరాలే. బొమ్మలు మాత్రం ఎవరివి వారివి.

బొమ్మ మాటలో ఉండదని చెప్పడానికే ఇలా మొదలుపెట్టాను. అది చదివేవాళ్ల జ్ఞాపకంలో ఉంటుంది. బావిలో పడిన చేదని పైకి తీసే కొక్కెం లాంటిది మాట. ఏ కొక్కెం వేస్తే ఏది పైకొస్తుందో తెలుసుకోవడమే రాయడంలో సగం పని. కొన్నేళ్లుగా ఆదివారాలు శ్రీకాకుళంలో, కొత్తగా కథలు రాస్తున్న కొందరితో కూర్చుని ఈ పనే చేస్తున్నాను. మేం పాటించే పద్ధతిని ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒకే ఒక్క పేరా తీసుకుని దాన్ని మొదటి నుంచి చివరి దాకా బాగుచేద్దాం.

ఆ పేరా నాదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కలే ఉన్న ఉద్దానం ప్రాంతంలో మా పెద్దమ్మ వాళ్లకి కొబ్బరి, జీడి తోట ఉంది. దారులు తెరుచుకున్నాక వెళ్లి చూసి, ఆ వారంలోనే ఇలా రాశాను:

"తుపాను బీభత్సం సృష్టించింది. ఎటు చూసినా విధ్వంసమే. పచ్చని తోటలు నేలమట్టమయ్యాయి. రైతుల గుండెలు బరువెక్కాయి. ప్రకృతి కన్నెర్ర చేసింది."

నేను అక్కడ నిలబడ్డాను. కళ్లారా చూశాను. అయినా ఈ అయిదు వాక్యాల్లో నేను చూసింది ఒక్కటీ లేదు. ఊరు కదలకుండా టీవీ ముందు కూర్చున్నవాళ్లు కూడా ఇదే రాయగలరు. ఈ సంగతి అర్థమైన రోజు నాకు చాలా బాధేసింది.

మొదటి అడుగు: మీ మనసులో బొమ్మ ఎలా పడుతుందో తెలుసుకోండి

అందరికీ బొమ్మ ఒకేలా పడదు. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త చాలామందికి ఒక ప్రశ్న పంపాడు. ఈ ఉదయం మీరు టిఫిన్ తిన్న బల్లని గుర్తు చేసుకోండి, మనసులో కనిపించే బొమ్మ ఎంత వెలుతురుగా, ఎంత స్పష్టంగా, ఏ రంగుల్లో ఉంది అని. కొందరు ఎదురుగా ఉన్నట్టే కనిపిస్తోందన్నారు. కొందరు, వాళ్లలో శాస్త్రవేత్తలే ఎక్కువ, మనసులో బొమ్మ అనే మాటే ఏదో అలంకారం అనుకున్నారు. 1973లో డేవిడ్ మార్క్స్ దీన్ని 16 ప్రశ్నల కొలతగా తయారుచేశాడు. అసలు బొమ్మే పడని స్థితికి 2015లో ఆడమ్ జెమన్ బృందం అఫాంటేసియా అని పేరు పెట్టింది.

మీరు కూడా ఇలా చేసి చూడండి. కళ్లు మూసుకుని నాలుగు చోట్లకి వెళ్లండి: మీకు బాగా దగ్గరి మనిషి ముఖం, సముద్రం మీద పొద్దు పొడవడం, రోజూ వెళ్లే కిరాణా కొట్టు ముందు భాగం, ఊరి బయట చెట్లు ఉన్న ఒక చోటు. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేసుకోండి. ఏమీ కనిపించకపోతే ఒకటి, ఎదురుగా చూసినంత స్పష్టంగా ఉంటే అయిదు.

మార్కులు తక్కువొస్తే టెన్షన్ పడకండి. యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ సంస్థని స్థాపించినవాళ్లలో ఒకరైన ఎడ్ కాట్‌మల్ తనకి మనసులో బొమ్మలు పడవని బయటికే చెప్పాడు. నా సంగతి చెప్పాలంటే, నాకు ముఖాలు మసకగా వస్తాయి. గొంతులు మాత్రం పక్క గదిలోంచి వినిపించినంత స్పష్టంగా వస్తాయి. అందుకని నేను మొదట వినడంతో మొదలుపెడతాను. మీకు వాసన ముందు తడితే వాసనతో మొదలుపెట్టండి. చోటు ముందు తడితే, అంటే తలుపు ఎటు, దండెం ఎటు అన్నది ముందు గుర్తొస్తే, నేల మీద పటం గీసుకుని మొదలుపెట్టండి. అందుకే ఈ వ్యాసంలో బొమ్మ అన్నప్పుడల్లా కంటికి కనిపించేదే అనుకోనక్కర్లేదు.

రెండో అడుగు: కలం ముట్టకుండా పది నిమిషాలు

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కాగితం ముందు కూర్చోగానే మాటలు వచ్చేస్తాయి. అలా ముందుగా వచ్చేవి మనవి కావు, పేపర్లోవో ప్రసంగాల్లోవో అయి ఉంటాయి. "బీభత్సం" అని రాసిన మరుక్షణం మనసు చూడడం ఆపేస్తుంది, పని అయిపోయిందనుకుంటుంది.

అందుకని ముందు చూడండి. ఆ చోటికి మనసులో వెళ్లి మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ఎక్కడ నిలబడి ఉన్నాను? నా కాళ్ల కింద ఏముంది? నా కంటికి అడ్డంగా ఏముంది? మూడోదాన్ని అసలు వదలకండి. నిజంగా చూసినప్పుడు ఏదో ఒకటి అడ్డుంటుంది. ఊహలో మాత్రం మనం అన్నీ ఆకాశం నుంచి చూసేస్తాం. "ఎటు చూసినా" అన్న మాట అలా పుట్టిందే.

నేను మళ్లీ వెళ్లాను. ఎక్కడ నిలబడ్డాను? పెద్దమ్మ వాళ్ల గుమ్మంలో. కాళ్ల కింద? వర్షానికి నానిన అరుగు. అడ్డంగా? గాబు మీద పడిన కొబ్బరి మట్ట. దాని వెనక? అప్పుడు గుర్తొచ్చింది. దాని వెనక ఆకాశం ఉంది. ఆ గుమ్మంలోంచి అంత ఆకాశం ఎప్పుడూ కనిపించలేదు. చెట్ల వెనక ఉండే పక్క ఊరి గుడి గోపురం, మా పెరట్లో ఉన్నంత దగ్గరగా ఉంది.

ఇదంతా మొదట రాసిన పేరాలో ఎందుకు లేదు? అప్పుడు నేను తుపాను గురించి రాస్తున్నాననుకున్నాను. గుమ్మంలోంచి ఏం కనిపించిందో రాయాలని నాకు తట్టలేదు.

మూడో అడుగు: ఎవరి కళ్లు?

ఒకే పనస చెట్టుని పెద్దమ్మ చూస్తే పొట్టు కూరకి పనికొచ్చే లేత కాయ ఎక్కడుందా అని చూస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసే మనిషి చూస్తే మాను చూస్తాడు. బొబ్బిలి వీణని పనస చెక్కతోనే చేస్తారు కాబట్టి అతని కన్ను కాయ మీదకి పోదు. కూలిన చెట్టుని కొనడానికొచ్చిన కలప వ్యాపారి బరువు చూస్తాడు. మీ కథలో ఎవరు చూస్తున్నారో తేల్చుకుంటే, ఏ వివరం ఉంచాలి, ఏది తీసేయాలి అన్న తగువు సగం తీరిపోతుంది.

నాలుగో అడుగు: పేరు

ఈ అడుగు దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను. నాకు ఇష్టమైనది ఇదే.

చెట్టు అంటే బొమ్మ పడదు. పడినా చిన్నపిల్లల పుస్తకంలో గీసిన చెట్టే పడుతుంది. జీడిచెట్టు అంటే నేలకి దగ్గరగా పాకిన కొమ్మలు, వాటి కింద వంగి పిక్కలు ఏరుతున్న మనుషులు వస్తారు. కెనడా మనస్తత్వవేత్త అలాన్ పేవియో 1971 నాటి పుస్తకంలో దీన్ని వివరంగా చెప్పాడు. బొమ్మ కట్టే మాటలు మనసులో రెండు దారుల్లో నిలుస్తాయి, మాటగా ఒకసారి, బొమ్మగా ఒకసారి. అందుకే అవి ఎక్కువ గుర్తుంటాయి. న్యాయం, వేదన, విధ్వంసం లాంటి వాటికి ఉన్నది ఒక దారే.

మన వైపు రాసేవాళ్లకి ఇంకో మెట్టుంది. పుస్తకాల్లో పేరు ఒకటి, ఇంట్లో పేరు ఇంకొకటి. రాగి అంబలి అని రాస్తే ఆరోగ్యం గురించిన వ్యాసం గుర్తొస్తుంది. చోడి అంబలి అని రాస్తే మా అమ్మమ్మ గుర్తొస్తుంది, పొలం గట్టు మీద గిన్నె, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కనిపిస్తాయి. గింజ ఒకటే, బొమ్మ వేరు. వాగు అన్న మాటలో నాకు నీళ్లు కనిపిస్తాయి. గెడ్డ అంటే ఆ నీళ్లు దాటడానికి పంచె పైకి కట్టుకున్న మనిషి కూడా కనిపిస్తాడు. నాట్లు అంటే పని తెలుస్తుంది. ఉభాలు అంటే ఆ పని రోజుల్లో ఊరు ఊరంతా ఖాళీగా ఉండడం తెలుస్తుంది.

ఈ మాటలు బయటివాళ్లకి అర్థం కావేమోనని భయపడి చాలామంది వాటిని కొట్టేస్తారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది జనం మాట్లాడే మాటలు రాతలోకి రావాలనే. కొండల్లో సవరలు మాట్లాడే భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేసిన మనిషి ఆయన. ఆ నేల మీద పుట్టి చోడిని రాగిగా దిద్దుకోవడం నాకు మనసొప్పదు.

అర్థం చెప్పాలి, కానీ అర్థం చెబుతున్నట్టు ఉండకూడదు. అందుకు నేను వాడే పద్ధతి ఒకటే: ఆ వస్తువుతో చెయ్యి ఏం చేస్తుందో రాస్తాను. పొందూరులో ఖద్దరు నేసే ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు. "వాలుగ చేప దవడ ఒక సంప్రదాయ పరికరం" అని రాస్తే ఎవరికీ ఏమీ కనిపించదు. "చిన్న చిన్న పళ్లున్న దవడ ఎముకతో, పాప జుట్టు చిక్కు తీసినట్టు, పత్తిని మెల్లగా దువ్వుతోంది" అంటే పొందూరు ఎప్పుడూ చూడనివాళ్ల చెయ్యి కూడా కదులుతుంది. దువ్వెన ప్రతి ఇంట్లో ఉంది. తెలియని బొమ్మని తెలిసిన బొమ్మ మీద నిలబెట్టాలి.

ఒక జాగ్రత్త: వాక్యానికి ఇలాంటి మాట ఒకటి చాలు. మూడు వేస్తే చదివేవాళ్లు ఎక్కడో ఒక చోట ఆగిపోతారు.

అయిదో అడుగు: క్రియ

2004లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఒక సంగతి చూపించారు. నాకడం, ఏరడం, తన్నడం లాంటి మాటలు ఊరికే చదువుతున్నా, మెదడులో నాలుకని, వేళ్లని, కాళ్లని కదిలించే చోట్లలో, వాటి పక్కన చురుకుదనం కనిపించిందట. చదివే మనిషి కదలకుండా కూర్చున్నా లోపల ఏదో కదులుతోంది. ఆ కదలిక పుట్టించేది క్రియ.

చెట్టుకి ఏమైంది? పడింది, కూలింది, ఒరిగింది, విరిగింది, పెకిలింది. ఇవన్నీ ఒకటి కావు. విరిగితే మోడు నిలబడి ఉంటుంది. పెకిలితే నేలలో గొయ్యి ఉంటుంది, వేళ్లకి మట్టి ఉంటుంది. ఒరిగితే ఇంకా పూర్తిగా పడలేదు, కింద నడవాలంటే భయం. మీరు చూసింది ఏదో అదే రాయండి. "నేలమట్టమయ్యాయి"లో చెట్టూ ఒకటే, గోడా ఒకటే.

మా పెద్దమ్మ ఆ రోజు అన్న మాట వీటిలో ఏదీ కాదు. "తోటంతా పండుకుండిపోనాది బావు" అంది. పడుకోవడం మనుషులు చేసే పని. ఆ చెట్లు ఆవిడకి మనుషులే. ఇంతకంటే మంచి క్రియ నేను వెతికి పట్టుకోలేను. అందుకని ఆవిడ మాటనే ఉంచాను. రాసేటప్పుడు మనం విన్న మాటలు గుర్తు తెచ్చుకోవడం కూడా ఊహలో భాగమే.

ఆరో అడుగు: బొమ్మ ఏ వరసలో పడుతోంది?

తెలుగులో క్రియ చివర వస్తుంది. వర్ణించే ముక్కంతా నామవాచకానికి ముందు వస్తుంది. ఈ వాక్యం చూడండి:

"రాత్రంతా వీచిన గాలికి వేళ్లతో సహా పెకిలి వంటింటి మీద పడి పెంకులన్నీ పగలగొట్టిన కొబ్బరిచెట్టు..."

వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ 11 మాటలు దాటాక గానీ అది చెట్టని తెలియదు. అప్పటిదాకా పెకిలింది ఏమిటో, పడింది ఏమిటో తెలియక చదివేవాళ్లు ఆ ముక్కలన్నీ చేతిలో పట్టుకుని నిలబడాలి. దీన్ని విడగొట్టండి: "కొబ్బరిచెట్టు వంటింటి మీద పడి ఉంది. పెంకులు పగిలాయి. వేళ్లు గాల్లో ఉన్నాయి, వాటి నుంచి మట్టి ఇంకా రాలుతోంది." ఇప్పుడు చెట్టు ముందొచ్చింది. తర్వాతి మాటలన్నీ దాని మీద కూర్చుంటాయి.

చివర వచ్చే క్రియతో మేలు కూడా ఉంది. "గుమ్మంలో అమ్మ లేదు" అన్న వాక్యం తీసుకోండి. "గుమ్మంలో అమ్మ" అనేసరికి అమ్మ కనిపించేస్తుంది. "లేదు" వచ్చి ఆ బొమ్మని చెరిపేస్తుంది. చదివేవాళ్లు ఆ లోటుని తెలుసుకోవడమే కాదు, ఒక్క క్షణం అనుభవిస్తారు. పోయినవాటి గురించి రాసేటప్పుడు తెలుగు ఇచ్చే ఈ వీలుని వాడుకోండి. బాగుచేశాక నా పేరాలో (చివర చూస్తారు) "తోట ఉండాల్సిన చోట ఆకాశం ఉంది" అన్న వాక్యం అలా వచ్చిందే.

ఏడో అడుగు: పోలిక అవసరమా?

చాలాసార్లు అక్కర్లేదు. పోలిక అంటే రెండో బొమ్మని తెచ్చి మొదటిదాని పక్కన పెట్టడం. రెండోది బలంగా ఉంటే మొదటిది మరుగున పడుతుంది. పడిన చెట్లని యుద్ధంలో పడిన సైనికులతో పోలిస్తే చదివేవాళ్లకి కత్తులు, గుర్రాలు కనిపిస్తాయి, ఉద్దానం కనిపించదు. వాడాలనుకుంటే, చూస్తున్న మనిషి బతుకులోంచే తీయండి. జీడి పిక్కలు ఒలిచే ఆవిడ దేనినైనా నల్లటిదానితో పోల్చాలంటే కాటుక దాకా వెళ్లనక్కర్లేదు, జీడి రసానికి నల్లబడిన తన వేళ్లే ఉన్నాయి.

ఎనిమిదో అడుగు: సగం వదిలేయండి

పదో శతాబ్దపు ఆలంకారికుడు రాజశేఖరుడు ప్రతిభని రెండుగా చెప్పాడు. కవిది కారయిత్రి, చదివి ఆస్వాదించేవాడిది భావయిత్రి. చదవడానికి కూడా ప్రతిభ కావాలని వెయ్యేళ్ల కిందటే గుర్తించారు. ఆ ప్రతిభకి పని మిగల్చాలి. పెద్దమ్మ ముఖం వర్ణించకండి, ఎవరి పెద్దమ్మ వాళ్లకి వస్తుంది. ఆవిడ బాధపడిందని రాయకండి. ఆవిడ గుమ్మం దాటలేదని రాయండి.

ఎంత వదలాలో ఎలా తెలుస్తుంది? నేను ప్రతి పేరా నుంచి ఒక్కో వాక్యాన్ని వేలితో మూసి చదువుతాను. మూసినా బొమ్మ అలాగే ఉంటే ఆ వాక్యం తీసేస్తాను. ఇంకో అభ్యాసం కూడా ఉంది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయంలో పాత పత్రికలు, కథా సంపుటాలు ఎన్నో ఉన్నాయి. ఒక పూట వెళ్లి కూర్చుని ఏదైనా ఒక కథ తీసుకోండి. మీకు బాగా కనిపించిన మనిషి గురించి రచయిత నిజంగా ఎన్ని వివరాలు ఇచ్చారో కాగితం మీద రాసుకోండి. ఎన్నోసార్లు రెండో మూడో ఉంటాయి. మిగతాదంతా మీరు కట్టుకున్నదే.

తొమ్మిదో అడుగు: చదివి వినిపించి, ఏం కనిపించిందో అడగండి

"ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు. దాంతో మీకు ఒరిగేది లేదు. "నీకు ఏం కనిపించింది? ఎటు వైపు నుంచి చూశావు? ఏది ముందు కనిపించింది?" అని అడగండి. వాళ్లు చెప్పింది మీ బొమ్మతో అచ్చంగా కలవనక్కర్లేదు. గుడి గోపురం రంగు వాళ్లకి వేరేగా కనిపించినా పర్వాలేదు. అది ఉండకూడనంత దగ్గరగా కనిపించిందా లేదా అన్నదే చూసుకోవాలి. అది తప్పితే ఏ మాట దగ్గర తప్పిందో వెతికి, ఆ ఒక్క మాటనే మార్చండి.

ఇన్ని అడుగుల తర్వాత నా పేరా ఇలా తయారైంది:

"పెద్దమ్మ గుమ్మం దాటలేదు. గాబు మీద కొబ్బరి మట్ట అడ్డంగా పడి ఉంది. దాని వెనక, తోట ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. పక్క ఊరి గుడి గోపురం మా పెరట్లోకి వచ్చేసింది. 'తోటంతా పండుకుండిపోనాది బావు' అంది. పడిన చెట్టు మీద నడుచుకుంటూ పోయి, కోడి ఒకటి కాయల గెల మధ్య నిలబడింది."

ఆ కోడి గుర్తు రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. తలెత్తి చూడాల్సిన గెల కోడి కాళ్ల దగ్గర ఉంది. చెట్టు ఎంత ఎత్తుండేదో ఇక నేను చెప్పనక్కర్లేదు.

దీన్ని ఉద్దానం తీసుకెళ్లి పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడకి చదువు రాదు. అరుగు మీద కూర్చుని, కళ్లు మూసుకుని వింది. అయ్యాక ఏం కనిపించిందని అడిగాను. కనిపించినదాని గురించి ఆవిడ ఏమీ చెప్పలేదు.

"అంతా రాసీసేవు గానీ బావు, ఆ వాసనేది?" అంది.

విరిగిన పచ్చి కొమ్మల వాసన, నానిన మట్టి వాసన, రెండు రోజులకి చితికి పులిసిన కాయల వాసన. నేనూ పీల్చాను, మర్చిపోయాను. బ్యాగులోంచి కాగితం తీసి, ఆవిడ పక్కనే కూర్చుని, మళ్లీ రెండో అడుగు నుంచి మొదలుపెట్టాను.